గాయము చూపించిన పిమ్మటే మానవలెను

ఏ గాయమైనా మానడానికి ముందు పై అధికారి అనుమతి తీసుకోవాలి. నాగరికతకు పునాది అదే. ఈ సంగతి అశోక్‌నగర్‌లోని ఒక పరిశోధనా సంస్థలో అందరికీ తెలుసు, ఎలుకలకు తప్ప.

ఆ సంస్థలో వందన అనే శాస్త్రవేత్త ఒక పెప్టైడ్ తయారుచేసింది. పెప్టైడ్ అంటే ప్రోటీన్‌లో చిన్న తునక. ఈ తునకతో ఎలుకల గాయాలు తొందరగా మానుతున్నాయి, విరిగిన ఎముకలు తొందరగా అతుకుతున్నాయి. ఇంతవరకు ఆమె మీద ఫిర్యాదేమీ లేదు.

ఫలితాన్ని గాయ నిర్ధారణ కమిటీ కళ్లారా చూడాలని నిబంధన. కమిటీ అధ్యక్షులు వీరరాఘవరావు గారి గది కింది అంతస్తులోనే ఉంది. (మెట్లెక్కడానికి ప్రయాణ ఉత్తర్వులు రావాలి.) అవి వచ్చి, ఆయన పైకొచ్చేసరికి ఎలుక వీపు నున్నగా మెరుస్తోంది.

“గాయం ఏదమ్మా?”

“మానిపోయిందండీ. అదే కదండీ ఫలితం!”

“మానిపోయాక నన్నేం చూడమంటారు? వెంట్రుకలా?”

ఎలుకలను సాకే ఈరన్న ఉండబట్టలేక అన్నాడు. “సారొచ్చేదాక జర ఆగమంటే ఎలుక ఆగుతదా సార్?”

“అడిగి చూశావా?” అన్నారాయన.

మర్నాడు వందనకు నోటీసు వచ్చింది. నేరం: ‘అనుమతి లేకుండా గాయమును మాయము చేయుట’. వారంలోగా తృప్తికరమైన గాయం చూపకపోతే ప్రాజెక్టు రద్దు. ఏళ్ల తరబడి చేసిన పని. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఈసారి మందు రాయని ఎలుకను కూడా పక్కన పెట్టి, రెండింటినీ చూపించింది.

“దీనికి మందు రాయలేదా? అయితే ఈ గాయానికీ మీకూ సంబంధం ఏమిటి?” అన్నారు అధ్యక్షులు.

“పోల్చి చూడ్డానికండీ.”

“పోల్చడం మా కమిటీ పరిధిలోకి రాదు.”

ఇంతలో మానిన ఎలుక ఈరన్న చేతిలోంచి జారి, అధ్యక్షుల ఒడిలోకి దూకి, మెట్లు దిగి పక్కనున్న గ్రూప్స్ కోచింగ్ సెంటర్‌లో జొరబడింది. “పట్టుకోండి! అది సాక్ష్యం!” అంటూ ఆయన వెంటపడ్డారు. విద్యార్థులు కాళ్లు బెంచీల మీద పెట్టుకుని చదువు సాగించారు. ఎలుక ఒక రౌండు కొట్టి, బుద్ధిగా బోనుకే తిరిగొచ్చింది. అధ్యక్షులు మాత్రం తడి మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నారు.

“అయ్యో సార్!” అని ఈరన్న లేవదీశాడు.

“అమ్మా వందనా,” అన్నారాయన గొంతు తగ్గించి. “ఆ మందు నాక్కొంచెం...”

“మనుషుల మీద ఇంకా పరీక్షించలేదండీ. పరీక్షించాలంటే ముందు మీ కమిటీ ఎలుక గాయాన్ని నిర్ధారించాలి.”

వందనే ఆయన్ని ఆటోలో ఎక్కించి, దారి పొడవునా ఆ చెయ్యి కదలకుండా పట్టుకుని నారాయణగూడలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కట్టు కట్టారు. ఎముక తన తీరికను బట్టి అతికింది.

కోలుకున్న అధ్యక్షులు కమిటీని సమావేశపరిచారు. పెప్టైడ్ ప్రమేయం లేకుండానే ఎముకలు అతుకుతాయని ప్రత్యక్షంగా రుజువైనందున, ఇకపై ఆ పరిశోధన అనవసరమని ఏకగ్రీవంగా తీర్మానించి ప్రాజెక్టు మూసేశారు. ఈ విషయం కనుగొన్నందుకు వీరరాఘవరావు గారికి చిక్కడపల్లిలో ఒక హాలు తీసుకుని సన్మానం జరిపారు.

శాలువా కప్పే అవకాశం వందనకే ఇచ్చారు. చెయ్యి ఇంకా నొప్పిగా ఉంది కాబట్టి మెల్లగా కప్పమన్నారాయన.