తువ్వాల కింద ప్రెస్సు

ఆదివారం పొద్దున్నే త్రివేణి పులిహోర డబ్బా మూత బిగించి, కొత్తగా కొనుక్కున్న పసుపుపచ్చ టోపీని అద్దం ముందు మూడు రకాలుగా పెట్టుకుని చూసుకుంది. ఆనాటి ప్లాను చాలా చిన్నది. బండి మీద ఇద్దరే నల్లగొండ పోవాలి. భర్త స్నేహితుడు జానీ ఇంట్లో ప్రెస్సు ఎంచుకుని సంచిలో వేసుకోవాలి. అటునుంచి అటే నాగార్జునసాగర్ పోయి పడవ ఎక్కాలి. పెళ్లయ్యాక ఇదే వాళ్ల మొదటి షికారు. ఇంతకు ముందు రెండుసార్లు అనుకున్నారు, రెండుసార్లూ ఆ ప్రెస్సే అడ్డం పడింది.

త్రివేణి భర్త గిరి నకిరేకల్‌లో బ్యాంకు ఉద్యోగి. సెలవొస్తే రైఫిల్ క్లబ్బులో ఉంటాడు. వచ్చే నెల రాష్ట్రస్థాయి పోటీ ఉంది. కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలను మళ్లీ నింపి వాడుకోవడానికి లైసెన్సూ అనుమతీ అన్నీ వచ్చాయి. ఇక కావలసింది వాటిని ఒత్తి సరిచేసే ఇనుప యంత్రం. దాన్ని సింగిల్ స్టేజ్ ప్రెస్సు అంటారు. మీట ఒకసారి కిందికి లాగితే ఒక్క పనే చేస్తుంది. రెండో పని కావాలంటే లోపలి అచ్చు విప్పి ఇంకొకటి బిగించాలి. క్లబ్బులో సీనియరైన జానీ దగ్గర అలాంటివి రెండున్నాయి. ఒకటి ముందువైపు తెరిచి ఉంటుంది, తేలిక. రెండోది చుట్టూ మూసి ఉన్న పోత ఇనుము, బరువు. ఏది కావాలో చెప్పమని జానీ అడిగి మూడు నెలలైంది.

"నన్ను చూడనీకి వచ్చినప్పుడు చాయ్ చల్లారకముందే సరే అన్నవ్. గీ ఇనుప ముక్కకు మూడు నెలలా?" అంది త్రివేణి.

"గప్పుడు పోల్చి చూసేతందుకు రెండోది లేకుండె గదా!" అన్నాడు గిరి. అనేశాక ఆ మాట ఎటు పోతోందో తెలిసి, "అంటే, నీ లెక్క ఇంకొకరు లేరని" అని దిద్దుకున్నాడు.

త్రివేణి టోపీ సవరించుకుంటూ నవ్వింది. పెళ్లయిన కొత్తలో ఇలాంటివి చెల్లిపోతాయి.

బండి స్టార్టు చేయబోతుండగా గిరి తండ్రి పర్వతాలు కొట్టం దగ్గర నుంచి వచ్చాడు. భుజం మీద ఎర్ర గళ్ల తువ్వాల ఉంది. ఆ ఇంటి మందలో ఆయన ఎంచి తేని గొర్రె లేదు. "ఎటు వోతున్నరు?" అని అడిగి, విషయం విని తల అడ్డంగా ఊపాడు.

"వీడొక్కడే వోతే పొద్దుగూకేదాంక నిలవడి చూస్తడు బిడ్డా. నేనొస్త. ఒక్క చూపుల తేలుస్త."

ఆ "ఒక్క చూపు" అన్న మాట త్రివేణికి అమృతంలా వినిపించింది. "రాండ్రి మామా!" అని తానే పిలిచింది. ఆ రోజు జరిగిన వాటికన్నిటికీ మొదలు అదే.

బండి మీద ముగ్గురు పట్టరు కాబట్టి పక్కింటి సురేశ్ ఆటో వచ్చింది. ఆటోలో జాగా ఉంది కాబట్టి అత్త జానమ్మ వచ్చింది. "కొత్త మిషను ఇంట్లకొస్తుంటే నిమ్మకాయ గొయ్యకుంటె ఎట్ల?" అంటూ నిమ్మకాయలు, పసుపు, కొబ్బరికాయ కొంగున కట్టుకుని మధ్యలో కూర్చుంది. కొత్త దంపతులు ఆమెకు చెరో పక్కన సర్దుకున్నారు. ఆమె భుజం వెనక నుంచి గిరి చిటికెన వేలు చాపాడు. త్రివేణి అందుకుంది. నల్లగొండ దాకా జానమ్మ ఎందుకో ముందుకు వంగే కూర్చుంది.

జానీ మేడ మీద కిరాయికి ఉంటాడు. వరండాలో బల్ల వేసి, రెండు ప్రెస్సులూ తుడిచి పక్కపక్కన పెట్టాడు. పర్వతాలు వాటి చుట్టూ తిరిగాడు. వెన్ను మీద బొటనవేలితో నొక్కాడు. గొర్రె నోట్లో పెట్టినట్టు వాటి సందులో వేలు పెట్టి చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి, నిలబడ్డ తీరు చూశాడు.

"గీ మూసుకున్నది ముసల్దైంది. మోసుడు కష్టం. గీ నోరు తెరిసింది లేతగున్నది. దీన్నే తోలుకపోదాం."

"గట్ల కాదు బాపూ. తెరిచింది గట్టిగ లాగితే జరంత వంగుతదేమో. మూసింది వంగదు. గని చెయ్యి వెట్టనీకి ఇరుకు," అన్నాడు గిరి.

"మరి అన్ని పనులు ఒక్కపారే చేసేది దొరకదా?" అని జానమ్మ అడిగింది.

"దొరుకుతది అమ్మా. అది తప్పు చేస్తే ఏ పని కాడ చేసిందో తెల్వదు."

"నీ లెక్కనే," అంది జానమ్మ.

గిరి తెరిచినదాన్ని బల్లకు బిగించాడు, మీట లాగాడు, విప్పాడు. మూసినదాన్ని బిగించాడు, లాగాడు, విప్పాడు. మళ్లీ మొదటిది ఎత్తాడు. త్రివేణి గోడ గడియారం వైపు చూసింది; మధ్యాహ్నం రెండు దాటింది. ఆమె కళ్లు మామ వైపు తిరిగాయి. కోడలి చూపు అర్థమైన పర్వతాలు, ఇక ఆలస్యం పనికిరాదని జానీని వరండా చివరికి తీసుకుపోయాడు. భుజం మీది తువ్వాల తీసి, జానీ కుడిచేతి మీద కప్పి, దాని కింద తన చెయ్యి పెట్టాడు.

గొర్రెల సంతలో బేరం నోటితో ఆడరు. చుట్టూ నలుగురు వింటారు. తువ్వాల కింద వేళ్లు మాట్లాడతాయి; ఏమిస్తామో, ఎంతిస్తామో పట్టిన వేళ్లే చెబుతాయి. అవతలివాడు చెయ్యి పిసికితే బేరం ఖాయం. ఆ తర్వాత వెనక్కి పోయినవాడికి ఏ సంతలోనూ ఎవరూ చెయ్యి ఇవ్వరు. నల్లగొండ టౌనులో పుట్టి పెరిగిన జానీకి ఇదేం తెలుసు? పెద్దాయన కొడుకు పోటీ గురించి దిగులు పడి చెయ్యి పట్టుకున్నాడనుకున్నాడు. పాపం అనిపించింది. రెండు చేతులతో గట్టిగా పిసికి, "ఫికర్ జెయ్యకు చాచా, అంతా మంచిగైతది," అన్నాడు.

పర్వతాలు తృప్తిగా తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. నోరు తెరిచిన ప్రెస్సు ఆయన లెక్కలో ఇంటిదైపోయింది.

ఇవతల గిరికి కొత్త అనుమానం వచ్చింది. మూసినదాన్ని బిగించి లాగినప్పుడు ఏదో ఊగుతోంది. ఊగేది ప్రెస్సా, బల్లా?

"బల్ల మీద బరువు వెడ్తే తెలుస్తది," అన్నాడు.

ఆలస్యం కాకూడదని పర్వతాలు వెంటనే ఎక్కి కూర్చున్నాడు. ఊపు తగ్గింది కానీ పోలేదు. జానమ్మ కూర్చుంది. కింద నుంచి హారన్ కొట్టి కొట్టి విసిగి పైకొచ్చిన సురేశ్‌నూ కూర్చోబెట్టారు. చివర్లో మిగిలిన కాస్త జాగాలో, టోపీ పక్కన పెట్టుకుని, త్రివేణి కూర్చుంది.

"అందరు ఊపిరి వట్టుండ్రి," అని గిరి మీట లాగాడు.

బల్ల కాళ్లు రెండు ఒకేసారి సెలవు తీసుకున్నాయి. నిమ్మకాయలు మెట్ల మీదుగా వీధిలోకి దొర్లిపోయాయి. కొబ్బరికాయ ఎవరూ కొట్టకుండానే పగిలింది. పర్వతాలు సురేశ్ మీద, సురేశ్ పులిహోర డబ్బా పక్కన, జానమ్మ సరిగ్గా పసుపుపచ్చ టోపీ మీద పడ్డారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముందు త్రివేణికి నవ్వు మొదలైంది. అది జానమ్మకు అంటుకుంది. అత్తాకోడళ్లు లేవడానికి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం, నవ్వుతో మళ్లీ కూలబడడం చూసి జానీ కూడా నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు.

గిరి ఒక్కడే నవ్వలేదు. వాలిన బల్ల చెక్కకు బిగుసుకుని అలాగే నిలబడిన ప్రెస్సును చూస్తున్నాడు.

"చూసిండ్రా? బల్ల ఇరిగింది గని ఇది కదల్లే! జానీ భాయ్, ఇదే. మూసిందే. ఖాయం!"

"ఖాయం!" అన్నాడు జానీ. మూడు నెలల తర్వాత ఆ మాట విని ఆయన కళ్లు తడిసినంత పనైంది.

నేల మీద నుంచి పర్వతాలు అరిచాడు. "ఎట్ల ఖాయం? నోరు తెరిసింది నేను కొన్న!"

"ఎప్పుడు?"

"తువ్వాల కింద. గీ పిలగాడు చెయ్యి పిసికిండు."

"నేనా? నేను ధైర్యం చెప్పిన చాచా!"

"ధైర్యం నోటితోని చెప్తరు. చెయ్యి ఎందుకు పిసుకుతరు? పొట్టేలు ఇస్తనన్న, పిసికినవ్. రేపు పొట్టేలును తోలుకొస్త."

జానీ మెట్ల వైపు చూశాడు, ఇంటి ఓనరు తలుపు వైపు చూశాడు. "పొట్టేలును మేడ మీద ఏడ కట్టాలె చాచా? నీకు దండం వెడ్త. నీ కొడుకు పెండ్లికి నేను రాలే. తెరిచింది బహుమతి అనుకో, తీస్కపో."

"పొట్టేలు ఇస్తనని మాట ఇచ్చినంక అట్లనే ఉంచుకుంటె అది నా మందల మంచిగ మేస్తదా?" అని పర్వతాలు గొణిగాడు. కానీ జానీ అప్పటికే రెండు ప్రెస్సులూ ఆటోలో పెట్టించేస్తున్నాడు.

ఆటో సాగర్ దారి పట్టింది. కాళ్ల దగ్గర రెండు ఇనుప ముద్దలు, ఒడిలో చపాతీలా అయిన టోపీ. గిరి తల వంచుకుని కూర్చున్నాడు.

"ఒక్కటి చాలు. రెండు ఏం జేసుకోవాలె?" అన్నాడు.

త్రివేణి కాళ్ల దగ్గరున్న రెండింటినీ మార్చి మార్చి చూసింది. "ఒక్కటే ఉంటె పని మారినప్పుడల్ల అచ్చు విప్పాలె, బిగించాలె గదా? రెండుంటె దేని అచ్చు దానికి ఉంటది. ఖాళీ గొట్టాలు నేను ఒత్తి ఇస్త, మిగిలింది నువ్వు చూస్కో. పక్కపక్కన కూసుందాం."

గిరి నోరు తెరిచాడు. మూడు నెలలుగా ఏది కావాలో ఆలోచించాడు కానీ రెండూ అన్న ఆలోచనే రాలేదు. జానమ్మ ఈసారి చెప్పి మరీ ముందుకు వంగింది. "నేను బయటికి చూస్తున్న, నాకేం కనవడ్తలేదు."

సాగర్ చేరేసరికి పొద్దు గుట్టల మీదికి వాలింది. ఒడ్డున ఒకే ఒక మోటారు పడవ ఉంది. దాన్ని నడిపే దుర్గయ్య తాడు చుట్టి గుంజకు కడుతున్నాడు.

"అయిపోయింది. రేపు రాండ్రి," అన్నాడు తలెత్తకుండా.

"ఒక్క రౌండన్న..." అని గిరి బతిమాలాడు.

"ఇంటికి వోవాలె సారూ."

ఆటో దిగుతూ పెట్టుకున్న నలిగిన టోపీని త్రివేణి మెల్లగా తల మీద నుంచి తీసి సంచిలో పెట్టుకోబోయింది. పొద్దుటి నుంచి ఆమె నవ్వకుండా ఉన్నది ఆ ఒక్క నిమిషమే. పర్వతాలు అది చూశాడు. గుంజ దగ్గరికి నడిచి, భుజం మీది తువ్వాల తీసి, మాట లేకుండా దుర్గయ్య చేతి మీద కప్పాడు.

దుర్గయ్య ఉలిక్కిపడి తలెత్తాడు. పడవ కొనకముందు అతను గొర్లు కాసినవాడు. మొహం మారిపోయింది. తువ్వాల కింద ఏదో కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. దుర్గయ్య ఒకసారి తల అడ్డంగా ఊపాడు. పర్వతాలు ఇంకో వేలు కలిపాడు. దుర్గయ్య గట్టిగా పిసికాడు.

"ఎక్కుండ్రి," అన్నాడు తాడు విప్పుతూ.

"ఏమిచ్చిండ్రు మామా?" త్రివేణి గుసగుసగా అడిగింది.

"జానీ వద్దన్న పొట్టేలే."

"పడవ షికారుకు పొట్టేలా!"

"పొట్టేండ్లు ఏటేట పుడ్తయి బిడ్డా. నువ్వు టోపీ తీస్తుంటె నాకు మంచిగ అనిపియ్యలే. వెట్టుకో."

టోపీ మళ్లీ తల ఎక్కింది. పర్వతాలు, జానమ్మ, సురేశ్ దుర్గయ్య పక్కన చేరి పులిహోర డబ్బా విప్పారు. పడవ ముందు భాగమంతా కొత్త జంటకే వదిలేశారు. నీళ్లు బంగారు రంగులో ఉన్నాయి. త్రివేణి గిరి చెయ్యి పట్టుకుని, "ఏడ కూసుందాం?" అని అడిగింది.

ఎడమ వైపు కూర్చుంటే గుట్టలు కనిపిస్తాయి, కుడి వైపు కూర్చుంటే డ్యాము కనిపిస్తుంది. గిరి ఇంకా నిలబడి ఆలోచిస్తుండగానే పడవ తిరిగి ఒడ్డుకు చేరింది.