మీటింగులు తగ్గించవద్దని మనవి

ముందుగా మీరు నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు కుదురుకుని ఏడాది కూడా కాలేదు. ఒత్తులు ఎక్కడైనా జారితే మీరే సర్దుకుని చదువుకోండి. ఈ రెండు కాగితాలు నింపడానికి నాలుగు సెలవు రోజులు పట్టాయి. శుక్రవారంలోపు ఇది మీ పేపర్లో అచ్చయితే ముగ్గురి పని నిలబడుతుంది కాబట్టి, నాకు చేతనైనంత తొందరగానే రాశాను.

అయినా ఆలస్యం చెడ్డదని ఎవరన్నారు? మనిషి కనిపెట్టినవాటిలో మీటింగును మించినది లేదని నా అభిప్రాయం. నవ్వకండి, చెబుతాను.

మా ఫ్యాక్టరీలో గడ్డి, చెక్కపొట్టు ఉడకబెట్టి బండ్లలో పోసే ఇంధనం తీస్తారు. చివరికి నల్లటి నీళ్లు మిగులుతాయి. ఇదివరకు వాటిని వెనక మడుగులోకి వదిలేవాళ్లు, అటువైపు వెళ్తే అందరూ ముక్కు మూసుకునేవాళ్లు. తర్వాత అందులో లిగ్నిన్ ఉందని తేలింది. చెట్టు నిటారుగా నిలబడేది దానివల్లేనట. జిగురుకీ, రోడ్లకీ పనికొస్తుందట. ఇక అప్పటినుంచి మా ఆఫీసర్లు ఆ నీళ్ల దగ్గర ముక్కు మూసుకోవడం మానేసి ఫొటోలు దిగుతున్నారు.

ఆ నీళ్లలో యాసిడ్ పోస్తే పాలు విరిగినట్టు లిగ్నిన్ విరుగుతుంది. గుడ్డల్లోంచి వడగడితే నీళ్లు కిందికి పోయి ముద్ద పైన నిలవాలి. కానీ చాలాసార్లు అలా నిలవదు. బంకలా గుడ్డను పట్టేస్తుంది. ఆ గుడ్డలు గీకి ఉతకడం నా పని. బాయిలర్ మేస్త్రీగా చేసిన మా ఆయన పోయాక నాకిచ్చారు. నాతోపాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్లున్నారు.

ఒకరోజు యాసిడ్ పోయగానే ఇంజనీరు గారికి ఫోనొచ్చింది, మీటింగుకు రమ్మని. రోజూలా వెంటనే పంపు వేయకుండా, ట్యాంకును వేడివేడిగా అలాగే వదిలేసి పరుగెత్తారు. గంటన్నర తర్వాత వచ్చి పంపు వేస్తే ముద్ద ఇసకలా పొడిపొడిగా రాలింది! గుడ్డ దులిపితే సరిపోయింది. ఆరోజు మేం ముగ్గురం మధ్యాహ్నం కూర్చుని అన్నం తిన్నాం.

అప్పటినుంచి కనిపెట్టి చూస్తూ వచ్చాను. పది నిమిషాల మీటింగైతే బంక. అరగంటైతే సగం బంక. పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి స్లైడ్లు చూపించిన రోజు గుడ్డ తెల్లగా దిగింది. టీ కప్పులు ఏ రంగువి కొనాలనే మీటింగు రెండు గంటలు సాగితే, ఆరోజు ముద్ద రికార్డు! సమీక్షల వల్లే ఈ విజయమని సర్టిఫికెట్ ఇచ్చి గోడకు తగిలించారు. ఒక్క మాట తప్పు లేదు. కప్పులు మాత్రం ఇంకా కొనలేదు.

ఈ సంగతి చెబుదామని ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లాను.

"బాబూ, యాసిడ్ పోశాక వేడి తగ్గనివ్వకుండా గంటసేపు దాని జోలికి పోకండి. అదే గడ్డ కడుతుంది."

"పెద్దమ్మా, దానికి చాలా సైన్సుంది."

"ఉండనీ బాబూ. గంటసేపు దాన్నీ ఉండనీయండి."

"సరేలే, రాసి సలహాల పెట్టెలో వెయ్యి. మీటింగులో పెడతాం."

చూశారా, నాకు చదువు కూడా మీటింగు పుణ్యమే. వేలిముద్ర వేసేదాన్ని, మా కోడలి ముందు పలక పట్టుకుని కూర్చున్నాను.

"అత్తయ్యా, 'అ' రాయమంటే ట్యాంకు గీశారేంటి?"

"ఆగవే, ఇంకా మూత పెట్టలేదు."

అలా రెండేళ్లకు ఒక వాక్యం పూర్తయింది. తీసుకెళ్లి పెట్టెలో వేశాను. ఎనిమిది నెలలైంది. పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుండాలనే దాని మీద మీటింగులు నడుస్తున్నాయి. నాకేం కోపం లేదు. ఆ రోజుల్లోనూ ముద్ద బాగానే వచ్చింది.

ఇప్పుడు శుక్రవారం పదకొండింటికి పెద్ద మీటింగుంది. గుడ్డలకు బంక పడుతోంది కాబట్టి లిగ్నిన్ షెడ్డు మూసేయాలా, వద్దా అని. మూస్తే నల్లనీళ్లు మళ్లీ మడుగులోకి, మేం ముగ్గురం ఇళ్లకి.

అందుకని పెద్దలకు నా మనవి. దయచేసి తొందరపడకండి. ఒకరు చెప్పిందే ఇంకొకరు మళ్లీ చెప్పండి. కప్పుల సంగతి కూడా ఎత్తండి. గంట దాటేదాకా ఎవరూ లేవకండి. సరిగ్గా పదకొండింటికి యాసిడ్ పొయ్యమని ఆపరేటర్‌ను బతిమాలి ఒప్పించాను. ట్యాంకు పక్కన స్టూలేసుకుని నేనే కూర్చుంటాను, ఎవరూ చెయ్యి పెట్టకుండా. షెడ్డు మూసేయాలని తేల్చుకుని వచ్చేటప్పుడు ఒక్కసారి అటుగా రండి. గుడ్డ విప్పి చూపిస్తాను.

అంత తీరిక లేదంటారా? అయితే మీటింగే అక్కర్లేదు. ఆ పెట్టె తెరవండి. అందులో ఉన్నది ఒకే ఒక్క కాగితం. చదవడానికి నిమిషం కూడా పట్టదు.

ఇట్లు,
గుడ్డల పెద్దమ్మ,
వయసు అరవై మూడు,
ఫ్యాక్టరీ వెనక రెండో సందు, కోడలి ఇంటి ముందుగది. పిలిస్తే పది నిమిషాల్లో వస్తాను.