అంకప్ప గురించి అందరి అభిప్రాయం

అభిప్రాయాన్ని మించిన దానం లోకంలో లేదు! అన్నం పెడితే గిన్నె ఖాళీ అవుతుంది. అభిప్రాయం ఎంత పెట్టినా, పెట్టినవాడి దగ్గర ఇంకా మిగిలే ఉంటుంది. అందులోనూ అట్టడుగు జనం మీద అభిప్రాయం ఎంత సుఖం! వాళ్లను అడగనక్కర్లేదు, చూడనైనా అక్కర్లేదు!

నమ్మకపోతే, పాఠకులారా, 1926లో గుడియాత్తంలో జరిగిన మీటింగ్ సంగతి వినండి. అక్కడి కొత్త బడిని తన చేతులతో కట్టిన మట్టిపనివాడు అంకప్ప. ఎనిమిదేళ్ల తన కూతురు కాంచనను అదే బడిలో చేర్చుకోమని అడిగాడు. ‘సరే’ అనో ‘కుదరదు’ అనో ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎంత మోటుగా ఉండేది! పెద్దలు అలా చేయలేదు. ‘ఈ మట్టిపని జనం ఎందుకు వెనకబడ్డారు?’ అని ఏకంగా బడిలోనే మీటింగ్ పెట్టారు.

అంకప్ప పిల్లను వెంటబెట్టుకుని వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. తన కోసం ఇంతమంది పెద్దమనుషులా! ఛాతీ కాస్త పొంగింది కూడా.

వేలూరు నుంచి రైల్లో వచ్చిన ప్లీడరు రాజమాణిక్యం కారణం కల్లు అన్నాడు. లుంగీల వ్యాపారి వరదప్ప ఒప్పుకోలేదు. కల్లు కాదట, ఎండట. ఎండకు ఒళ్లు నల్లబడుతుంది, ఒళ్లు నల్లబడితే బుద్ధి మందగిస్తుంది. (దీపం లేని గదిలో వరదప్ప ఉంగరం ఒక్కటే కనబడుతుందని ఊళ్లో అనుకునేవారు.) హెడ్మాస్టరు శివప్రకాశం పూర్వజన్మ పాపాలన్నాడు. నాలుగో ఆయన సబ్బు లేకపోవడం అన్నాడు. ఐదో ఆయన నలుగురితోనూ ఏకీభవించి కూర్చున్నాడు.

వినగా వినగా అంకప్ప మనసులో ఒక మనిషి తయారయ్యాడు. తాగుబోతు, మురికివాడు, మందబుద్ధి. కాసేపటికి అంకప్పకు వాడంటే రోత పుట్టింది. మరికాసేపటికి తన భుజం తనే వాసన చూసుకున్నాడు. చూశారా మహిమ! కల్లు ముట్టనివాడికి అభిప్రాయం తలకెక్కింది!

“నాయనా, ఎవుర్ని ఇట్లా తిడతా ఉండారు?” అంది కాంచన.

“గమ్మునుండు మే. మన మంచికే మాట్లాడతా ఉండారు.”

“మంచికే ఇంత తిడితే, చెడ్డకు కొడతారా?”

ఆ గుసగుస విని ప్లీడరు గుమ్మం వైపు తిరిగాడు. “ఏమప్పా, ఇంతసేపు విన్నావే. నీ అభిప్రాయం ఏంది?”

“అభిప్రాయం నాకాడ యాడుండాది సామీ? పిల్ల ఉండాది,” అన్నాడు అంకప్ప. “మీరు కూర్చోనుండే సున్నం నేల కొట్టింది ఈ పిల్లా, దీని తల్లే. నేల ఆరినాక కుంగుతాదేమో అని మేం మొదట మా పిల్లల్నే కూర్చోబెట్టి చూస్తాం. ఇది పగలంతా దాని మీద కూర్చోనింది. నేల పగల్లేదే! రేపు యాడ కూర్చోవాల, అంతే చెప్పండి.”

అందరూ తాము కూర్చున్న నేలకేసి చూసుకున్నారు. వరదప్ప పంచె కాస్త పైకి లాక్కున్నాడు.

సెక్రటరీ అనేవాడు ఇలాంటి వేళకే పుడతాడు! ఆయన రిపోర్టులో గబగబా రాసి, లేచి చదివాడు: “సదరు జనాన్ని స్వయంగా విచారించగా, తమకు ఏ అభిప్రాయమూ లేదని తెలియజేశారు.”

రిపోర్టు ఏకగ్రీవంగా ఆమోదించారు. గదంతా చప్పట్లు. పెద్దలు కొడుతున్నారు కదా అని అంకప్ప కూడా చేతులెత్తాడు.

కాంచన ఆ రెండు చేతులూ పట్టుకుని కిందికి దించింది.