పెద్దల తర్వాతే చిరుత

కంటితో చూసింది చూపు కాదు, శాఖవారి దుర్భిణితో చూసిందే చూపు. కిర్గిజ్ కొండల్లోని తాష్‌బెల్ అభయారణ్య కార్యాలయం ఈ మహాసత్యాన్ని కనిపెట్టాక, కాపలా ఉద్యోగిని బురుల్‌చా రోజూ చూసే మంచు చిరుత అధికారికంగా లేనట్టే లెక్క. తొలి మంచు పడేలోగా అది శాఖ దుర్భిణిలో కనబడకపోతే ఎదుటి శిఖరాన్ని బంగారు గనికి రాసిచ్చేస్తారు. శాఖకు దుర్భిణి లేదు. కనుక దాన్ని ఎంపిక చేయడానికి ఒక సంఘం వేశారు. (చిరుతను చూసినవారిని సంఘంలో వేయలేదు, పక్షపాతం చూపుతారని.)

పరీక్షించి చూడమని కొట్లవాళ్లు పంపిన దుర్భిణులను ముక్కాలిపీటల మీద బిగించి కొండ అంచున నిలబెట్టారు. ఎవరు ముందు చూడాలన్నదానికి చర్చే లేదు. సంఘంలో వయసులో పెద్దైన ఎసెన్‌గుల్ తాత ముందు, సంఘంలో లేకున్నా కాపలాకు వచ్చిన, అందరికంటే చిన్నదైన బురుల్‌చా చివర.

అదృష్టం కొద్దీ చిరుత ఎదుటి చరియ మీదికి వచ్చింది.

"తాతా, అదిగో, ఎర్రబండ పక్కన. కాస్త త్వరగా చూడండి," అంది బురుల్‌చా.

"తొందరేంటే పిల్లా, దీవించకుండా కొత్త వస్తువు ముట్టుకుంటామా? ముందు కుముజ్ పొయ్యవే."

ఆ పులిసిన గుర్రపు పాలు తాగి, తాత మొదటి దుర్భిణిని దీవించాడు. దాన్ని చేసినవాణ్ణి, మోసుకొచ్చిన గుర్రాన్ని, ఊరి గొర్రెలన్నిటినీ దీవించాడు. అప్పుడు కన్ను పెట్టాడు.

"ఏం లేదురా."

తర్వాత చూసిన సంఘం అధ్యక్షుడు తుర్దుబెక్‌కు బండ చాటుకు పోతున్న తోక స్పష్టంగా కనబడింది. "నాకూ ఏం లేదు," అన్నాడు.

"తోక కనబడింది కదన్నా?" అంది బురుల్‌చా మెల్లగా.

"తాతకి కనబడనిది నాకు కనబడిందంటే ఊళ్లో తలెత్తుకు తిరగొద్దా? మీ ఇంట్లో ఇంతేనా నేర్పింది?"

సంఘం, వరుస పాటించని జంతువు పరీక్షకు పనికిరాదని, కదలకుండా ఉండేదేదైనా దొరికేదాకా ఆగాలని తీర్మానించింది.

ఈలోగా మంచు పడింది. శిఖరం మీద గనివాళ్ల పసుపు తవ్వకపు యంత్రాలు వచ్చి, పళ్లున్న తొట్లు నేలకు ఆనించి కదలకుండా నిలబడ్డాయి.

సంఘం మళ్లీ కూడింది. తాత మొదటి దుర్భిణిని మళ్లీ దీవించి, యంత్రాలవైపు తిప్పి చూశాడు. "అబ్బ, దాని పళ్లు కూడా కనబడుతున్నాయిరా." అందరికీ కనబడ్డాయి. బురుల్‌చాకు కూడా.

ఆ దుర్భిణిని ఏకగ్రీవంగా ఎంపిక చేసి బురుల్‌చాకు అప్పగించారు, చిరుత కనబడితే వెంటనే తెలియజేయమని.