మంత్రిగారి ఎదుట మొదటిసారి చదవడం

"ఇకపై మన బడుల్లో ఏ పసిబిడ్డా దిక్కులేనట్టు ఒంటరిగా నేర్చుకోడు! ప్రతి తొలి విజయానికీ ఒక పెద్దమనిషి సాక్షిగా నిలబడతాడు!" అని విద్యామంత్రిగారు ప్రకటించిన రోజున నేను గంట కొట్టడం కూడా మరిచిపోయి రేడియో దగ్గరే ఉండిపోయాను. ఇరవై రెండేళ్లుగా ఈ ప్రాథమిక పాఠశాలలో అటెండరుని. పిల్లలు చెప్పాపెట్టకుండా నేర్చేసుకుంటున్నారన్న సంగతి నాకు ఒక్కనాడూ తట్టలేదు. అందుకే ఆయన మంత్రి అయ్యారు, నేను గంట దగ్గర మిగిలాను.

వారం తిరక్కుండా జాబితా వచ్చింది. చొక్కా గుండీ సొంతంగా పెట్టుకోవడం ఇన్‌స్పెక్టరు ఎదుట. పది దాకా లెక్కపెట్టడం విద్యాధికారి ఎదుట. మొదటిసారి చదవడం సాక్షాత్తూ మంత్రిగారి ఎదుట. ఈలోగా ఏ బిడ్డయినా తొందరపడితే బాధ్యత హెడ్‌మిస్ట్రెస్‌ది.

ఇన్‌స్పెక్టరుగారికి జ్వరమొచ్చి పదహారు రోజులు రాలేదు. ఆ పదహారు రోజులూ నర్సరీ అంతా చొక్కాలు బార్లా తెరుచుకుని తిరిగింది. ఒకడు పొరపాటున గుండీ పెట్టేసుకుంటే మా పెద్ద మేడమ్ పరుగున వెళ్లి విప్పేసింది. ఆవిడ అంకితభావానికి నాకు కళ్లు చెమర్చాయి.

అసలు చిక్కు ఒకటో తరగతి బుడంకాయతో వచ్చింది. అది నర్సరీ ఆయాగారి మనవరాలు. ఒక మంగళవారం మధ్యాహ్నం నోటీసు బోర్డు ముందు నిలబడి పై నుంచి కింది దాకా గడగడా చదివేసింది.

"ఎవరు నేర్పారే నీకు?" అంది మేడమ్ గుండె పట్టుకుని.

"మీరే మేడమ్."

"నేనా! ఎప్పుడు నేర్పానే?"

"రోజూ."

మేడమ్ వెంటనే విద్యాధికారికి ఫోన్ చేసింది.

"ఎవరైనా విన్నారా?" అన్నారాయన.

"అటెండరు విన్నాడు సార్."

"అటెండరు వింటే విన్నట్టు కాదు. మంత్రిగారు వచ్చేదాకా ఆ పిల్లకి చదవడం రాదు. అంతే."

బోర్డులన్నీ గోడవైపు తిప్పాం. మేడమ్ బుడంకాయని పిలిచి, "మంత్రి తాతగారు వచ్చేదాకా నీకు చదవడం రాదమ్మా. ఇంట్లో కూడా రాదు. తెలిసిందా?" అని బుజ్జగించింది. బుద్ధిమంతురాలు, తలూపింది.

ఆయాగారికి అక్షరం ముక్క రాదు. ఆవిడ దగ్గర రెండు మాత్రల పొట్లాలు, రెండిట్లోనూ తెల్ల మాత్రలే. ఒకదానిమీద మందుల షాపువాడు 'పొద్దున' అనీ, నిద్రమాత్రల దానిమీద 'రాత్రి' అనీ రాశాడు. మనవరాలికి చదువొస్తే ఆ బెంగ తీరుతుందని రెండేళ్లుగా కాచుకుని ఉంది. తీరా చదువొచ్చాక ఆర్డరొచ్చింది.

"ఇటివ్వండి, నేను చదివి పెడతాను," అన్నాను.

"పోవయ్యా! మనవరాలిని బడికి పంపింది ఇంకొకళ్లని దేబిరించడానికా? అది చెప్తేనే వేసుకుంటా, లేదంటే చేతికొచ్చింది వేసుకుంటా," అంది. మొండి ఘటం. చేతికొచ్చిందే వేసుకుంది. పొద్దున పదింటికల్లా నర్సరీ చాప మీద పిల్లలతో పాటు గుర్రుపెట్టేది. ఒకరోజు మెట్ల మీద తూలి నుదురు బొప్పి కట్టించుకుంది. పక్కనే నిలబడ్డ బుడంకాయ పెదాలు బిగించుకుని ఏడ్చింది గానీ, పొట్లం మీది మాట మాత్రం పైకి అనలేదు. అంతటి క్రమశిక్షణ నేర్పిన బడిలో పనిచేస్తున్నందుకు గర్వపడ్డాను.

మంత్రిగారి రాక మూడుసార్లు వాయిదా పడింది. మొదట ఒక ప్రారంభోత్సవం, తర్వాత ఒక సంతాపసభ, ఆపైన ఆ సంతాపసభ విజయోత్సవం. నాలుగో నెలలో వచ్చారు.

విద్యాధికారి ఒకే ఫైల్లోంచి రెండు కాగితాలు తీశారు. ఒకటి పాప చదవాల్సిన కార్డు, ఇంకోటి మంత్రిగారి ప్రసంగం. మంత్రిగారికి చూపు సరిగా ఆనదని ప్రసంగాన్ని కూడా కార్డులాగే లావు అక్షరాలతో కొట్టించారు. ఆ హడావుడిలో ఎవరిది ఎవరి చేతికి వెళ్లిందో ఆయన చూసుకోలేదు.

బుడంకాయ గొంతు సవరించుకుంది. నాలుగు నెలల ఆకలి కదా, ఆగలేదు.

"ప్రియమైన ప్రజలారా! ఇక్కడ చిరునవ్వు. ఈ చిన్నారిని చూస్తుంటే నా బాల్యం గుర్తొస్తోంది. ఇక్కడ పాప తల నిమరాలి."

అలవాటు గొప్పది. మంత్రిగారు చిరునవ్వు నవ్వారు, తల నిమిరారు.

"ఇక్కడ గొంతు పూడుకుపోవాలి. కళ్లు తుడుచుకోవాలి. ఇక్కడ చప్పట్లు."

మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. మేం చప్పట్లు కొట్టాం.

తర్వాత మంత్రిగారు ప్రసంగానికి లేచి చేతిలో కాగితం చూసుకున్నారు. "అమ్మ," అన్నారు గంభీరంగా. "ఆవు." కాగితం వెనక్కి తిప్పి చూశారు. "ఇల్లు." కూర్చున్నారు.

మర్నాడు పేపర్లన్నీ 'మూడు మాటల్లో విద్యావిధానం' అని రాశాయి. బడికి మాత్రం మెమో వచ్చింది. "పాపకు కేటాయించిన కార్డును మంత్రివర్యులే చదివివేసినందున, మొదటిసారి చదవడం అనే విజయం వారి పేరిట నమోదైనది. పాప చదవడం తదుపరి పర్యటనకు వాయిదా."

నేను గోడకి మెమో అంటిస్తుంటే, పక్కనే చూస్తున్న బుడంకాయ దగ్గరికి ఆయాగారు పొట్లాలతో వచ్చింది.

"ఇప్పుడైనా చెప్పవే తల్లీ. ఇది పొద్దుటిదా, రాత్రిదా?"

బుడంకాయ పొట్లం వైపు చూసింది, గోడ మీది మెమో వైపు చూసింది.

"నాకు చదవడం రాదు అమ్మమ్మా," అంది.

ఆయాగారు ఒకటి నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. నేను వెళ్లి మెట్ల దగ్గర నిలబడ్డాను.