మగ్గం మీద డైరీ

బీపీ తగ్గాలంటే మనసులోని మాటలు రోజూ డైరీలో రాసుకొమ్మని డాక్టరు చెప్పినప్పుడు, ఎమ్మిగనూరు నేతగాడు సుబ్బన్నకు ఒకటే అనుమానం వచ్చింది. రెండు చేతులూ మగ్గానికి ఇచ్చేశాక కలం పట్టుకునేది దేనితో?

ఉపాయం తనే కనిపెట్టాడు. సెల్‌ఫోను పక్కన పెట్టి, రికార్డింగు నొక్కి, మగ్గం ఆడిస్తూ గుసగుసగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. వంటింట్లో ఉన్న భార్య ఈశ్వరికి టకటక తప్ప ఇంకేం వినపడుతుంది?

డైరీకి మహిమ ఉందని వారంలోనే తేలిపోయింది. "ఈ ఉప్మా తినలేక సస్తాండా" అని చెప్పుకుంటే, మర్నాడు పళ్లెంలో ఉగ్గాని, పక్కన వేడివేడి బజ్జీలు. "మెడ పట్టేసింది" అంటే, అడక్కుండానే నూనె వెచ్చబెట్టి తెచ్చింది ఈశ్వరి. "పోయిన దసరాకు ఆమెను ఊరికే తిట్టినా, పాపం" అని చెప్పుకున్న రోజు ఆమె ఎందుకో పాడుకుంటూ అంట్లు తోమింది. బీపీ దిగింది. మనసు దూదిలా తేలికైంది. పక్కింటి గోవిందన్న పొద్దున్నే మగ్గం ఆపి అరుగు మీద కూర్చుంటున్నాడని, సోమరి అయిపోయాడని కూడా డైరీలో చెప్పుకున్నాడు.

అంతలో ఆదోని నుంచి పిలుపు వచ్చింది. ఈశ్వరి అన్న లక్ష్మీనారాయణ కొత్త ఇల్లు కట్టాడు. బంధువుల్లో ఆయన పేరు టైల్స్ నారాయణ. ఒక్కో గదీ తిప్పి, ఒక్కో బండ పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే ఎవరికీ అన్నం పెట్టడు.

"రేపు మోకాలు పట్టేసిందని పండుకుంటా," ఫోనుకు గుసగుసలాడాడు సుబ్బన్న. "ఈశ్వరి ఒక్కతే పోతాది. నేను ఉచ్చీరప్ప హోటల్లో బిరియాని తిని సల్లగా నిద్రపోతా."

తెల్లారింది. "అబ్బా, మోకాలే!"

"అయ్యో!" ఈశ్వరి ముఖంలో జాలి కాస్త ఎక్కువే కనిపించింది. "పండుకోప్పా. మా యన్నకు ఫోన్ సేసినా."

"మంచిది. నువ్వు పోయి రా."

"నిన్నిట్ల ఇడిసి యాడికి పోతా? ఆయప్పే ఈడికి వస్తాండాడు. నీ మోకాలు బాగయ్యేదాకా ఈడే ఉంటాడంట. కొత్తింటి వీడియోలు తెస్తాండాడు, గదికొకటి."

సుబ్బన్న మంచం మీంచి ఒక్క దూకు దూకాడు. దూకాక గుర్తొచ్చి కుంటబోయాడు. ఏ కాలో గుర్తురాలేదు.

"తగ్గిపాయ! బస్సెన్నింటికి?"

"అయితే సొక్కా ఏసుకో. ఉచ్చీరప్ప బిరియాని కంటే మా వదిన సేసేదే బాగుంటాది లే."

చొక్కాలో సగం దూరిన చెయ్యి ఆగిపోయింది. "నా ఫోన్ ఇన్నావా?"

"నీ ఫోన్ నాకెందుకు? మగ్గం సప్పుడుకు నీ సెవులు మందమైనాయి. నువ్వు గుసగుస అనుకునేది బస్టాండు దాకా ఇనపడతాది."

దసరా మాట గుర్తొచ్చి సుబ్బన్న తల దించుకున్నాడు.

"అయినా మానొద్దు," అతని గుండీలు పెడుతూ మెల్లగా అంది ఈశ్వరి. "పెండ్లయినప్పట్నుంచి నీ నోట ఇన్ని మాటలు ఇన్నిందే లేదు."

"ఏమంటివి?"

"ఏం లేదు, పదా!" ఈసారి గట్టిగానే అంది.

తాళం వేసి వీధిలోకి రాగానే, అరుగు మీద గోవిందన్న దిగాలుగా లేచాడు.

"ఏం సుబ్బన్నా, ఈ పొద్దు డైరీ లేదా? ముందే సెప్పొద్దా అప్పా! మోకాలి సంగతి ఏమాయనో అని వీధంతా మగ్గాలు ఆపుకొని కూసున్యాం!"