మోకాళ్ల జాబితాలో ఒకటో నంబరు

ప్రభుత్వాసుపత్రికి మోకీళ్లు మార్చే రోబో వచ్చిన రోజున ఆరోగ్యమంత్రిగారు చరిత్ర సృష్టించారు. "ఇకపై ఈ దేశంలో ఎవరూ కుంటుతూ నడవరు" అని ప్రకటించారు. సభకు కుంటుతూ వచ్చినవాళ్లే ముందుగా చప్పట్లు కొట్టారు. నాకు కళ్లు చెమర్చాయి.

పక్కనే మా మేనత్త ఉంది. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కుడి మోకాలు అరిగిపోయి, ఏడాదిగా ఎడమకాలితోనే మిషను తొక్కుతోంది. మొదటి ఆపరేషన్‌కు పెద్ద డాక్టరుగారు ఆవిణ్ణే ఎంపిక చేశారు.

"ఇదెలా పనిచేస్తుందయ్యా?" మంత్రిగారు రోబోను తట్టి పెద్ద డాక్టరుగారిని అడిగారు.

"ముందు పేషెంటు మోకాలి స్కాన్ ఇందులోకి ఎక్కించాలి సార్. ఎముక ఎంత కొయ్యాలో లెక్క కడుతుంది. కోసేది మేమే. చెయ్యి దారి తప్పకుండా ఇది పట్టుకుంటుంది."

"అయితే ముందు నాది ఎక్కించండి. జనానికి నమ్మకం కుదరాలి."

ప్రజల కోసం ప్యాంటు మోకాలిపైకి మడిచిన నాయకుణ్ణి నేను అంతకుముందు చూడలేదు. కెమెరాల ముందే స్కాన్ తీశారు. ఏ లోపమూ లేదని తేలింది. స్కాన్ ఎక్కితే పేరు ఆపరేషన్ జాబితాకు ఎక్కినట్టే. అందులో మంత్రిగారు ఒకటో నంబరు, అత్తయ్య రెండు.

మర్నాడు అత్తయ్యను తీసుకెళ్లాను.

"ఒకటో నంబరు అవ్వకుండా రెండో నంబరు ఎలా చేస్తామమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఆయన మోకాలు బాగుందిగా నాయనా?"

"బాగుంది. అందుకే ఆయన రావట్లేదు."

"పోనీ, పేరు కొట్టేయరాదూ?"

గుమాస్తా లేచి తలుపు మూసొచ్చాడు. "మంత్రిగారి పేరా? నాకూ పెళ్లాం పిల్లలున్నారమ్మా."

ఆపరేషన్ చేయించుకుంటారా, వద్దంటారా అని పెద్ద డాక్టరుగారు మంత్రిగారికే ఉత్తరం రాశారు. ఆపరేషన్ చేయించుకుంటే బంగారంలాంటి మోకాలు పోతుంది. వద్దంటే, రోబో మీద ఆయనకే నమ్మకం లేదని ప్రతిపక్షం గోల చేస్తుంది. అందుకని మంత్రిగారు "పరిశీలిస్తున్నాను" అని జవాబిచ్చారు. అంతటి నిగ్రహం అందరికీ రాదు.

ఎనిమిది నెలలు గడిచాయి. రోబోకు రోజూ దుమ్ము దులుపుతున్నారు. అత్తయ్యకు ఎడమ మోకాలు కూడా వాచింది. ఆవిడ మిషను మీద దుప్పటి కప్పేసింది.

అంతలో మంత్రివర్గం మారి, మన మంత్రిగారి పదవి ఊడింది. ఆ కబురు వినగానే అత్తయ్యను ఆసుపత్రికి తీసుకెళ్లాను. గుమాస్తా ఎదురొచ్చి కుర్చీ వేశాడు.

"ఇప్పుడింక అడ్డు లేదుగా నాయనా?"

"పాత మంత్రిగారు రెండో నంబరుకు దిగారమ్మా. కొత్త మంత్రిగారు పొద్దున్నే వచ్చి స్కాన్ తీయించుకెళ్లారు. మీరు మూడు."

అత్తయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఈయన మోకాలు ఎలా ఉంది?"

"దివ్యంగా ఉందమ్మా" అన్నాడు గుమాస్తా.